చర్మవాద్యము, దాని క్రింది నేల

జంషెడ్పురమనగానే ఎవరికైనను ఉక్కు జ్ఞప్తికి వచ్చును. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియుచోట సాక్చి యను పల్లె యుండెడిది. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడగా, మరుసటి యేట ఆ పల్లెలో నిర్మాణమునకు పూనుకొనిరి. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మ వెలువడెను. 1919లో వైస్రాయి చెమ్సుఫర్డు ప్రభువు ఈ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టెను. కాలిమాటి స్టేషను టాటానగరైనది. 1950 నవంబరు 26వ తేదీన జాతీయ లోహశోధనాలయమును జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించెను. కొలిమి, రైలు, ప్రయోగశాల అను ఈ మూటి వెంబడి తెలుగు కుటుంబములు పెక్కు ఈ ఊరు చేరినవి. వచ్చినవారు బిష్టుపురములో ఆంధ్రభక్త శ్రీరామమందిరమును నిలుపుకొనిరి. రాముడున్నచోట భజన యుండును. భజన యున్నచోట మృదంగమో డోలకో ఉండక తప్పదు గదా.

అయితే ఈ నేలకు టాటావారికి పూర్వమే తనదైన వాద్యఘోష కలదు. సింహభూమి ప్రాంతపు హో జాతివారు, సంతాలులు తరతరములుగా మద్దెలలను, నగారాలను వాయించుచున్నారు. సంతాలుల తుమ్దాకు మట్టితో చేసిన రెండు మూతల మద్దెల. తమాకు ఇనుపగిన్నెపై తోలు బిగించిన నగారా. ఉక్కు కర్మాగారము రాక మునుపే ఈ అడవులలో ఇనుము పాటకు తోడైనదన్నమాట.

జంషెడ్పురమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరములో సెరాయికేలా యున్నది. పూర్వమది చిన్న సంస్థానము. 1948లో బిహారులో చేరి, 2000 నవంబరు 15న ఝార్ఖండు రాష్ట్రములోనికి వచ్చినది. చైత్రపర్వమున అచట జరుగు ఛౌ నృత్యము లోకప్రసిద్ధము. 1938లో రాజకుటుంబీకులును నటులుగా పాల్గొన్న బృందము ఐరోపాఖండమున ప్రదర్శనము లిచ్చెను. 2010లో యునెస్కో ఛౌ నృత్యమును మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. సెరాయికేలా నటుడు ముఖమునకు బొమ్మముఖము తగిలించుకొనును. కావున అతడు పాడడు, మాటలాడడు, కనుబొమ్మనైనను కదపి చూపలేడు. కథనంతటిని కాళ్ళు, నగారా, ధోలు, షెహనాయి చెప్పవలసినదే. అందులో నగారా నేలపై కూర్చుండిన వాద్యము. దాని గిన్నె మట్టి నంటియుండును. దాని ప్రక్కనే నటుని గజ్జెకాలు అదే మట్టిని తాకుచుండును.

ఇట్టి నగారాను ఒకే వాద్యకారుడు, అవే కర్రలతో, రెండుచోట్ల వాయించెననుకొనుడు. ఒకటి గ్రామపు ఆరుబయలు మట్టినేల. రెండవది పట్టణములోని సభాశాల. సిమెంటు వేదిక, దానిపై మందమైన తివాచీ. ఒకే మైక్రోఫోనుతో రెండింటిని రికార్డు చేసి వినిపించిన, తెలియనివారు ఇవి రెండును వేరువేరు వాద్యములని చెప్పుదురు. తోలు మారలేదు, చేయి మారలేదు. మారినది చోటు, అందును వాద్యమునకు అన్నిటికంటె దగ్గరగానున్న నేల. చర్మవాద్యముల రికార్డింగు చరిత్రలో ఎక్కువ భాగము ఈ నేలతో మనుష్యులు చేసికొన్న సర్దుబాట్ల చరిత్రయే. గోడలను గూర్చి, పైకప్పును గూర్చి, మైక్రోఫోనులను గూర్చి గ్రంథములు పెక్కులు వెలువడినవి. నేల మాత్రము కాలిక్రింద పడి యుండుటచేత గాబోలు, చాలకాలము ఎవరి కంటికిని ఆనలేదు.

మన పూర్వులకు ఆనినది. వేదకాలమున మహావ్రతమను క్రతువులో భూమిదుందుభి యను వాద్యము కలదు. నేలలో గొయ్యి త్రవ్వి, దానిపై ఎద్దుతోలు పరచి బిగించి, ఆ తోలుయొక్క తోకతోనే కొట్టెడివారు. ఇందు వాద్యము, నేల అను భేదము లేదు. పుడమియే వాద్యపు కడుపు. భరతుని నాట్యశాస్త్రములో రెండవ అధ్యాయము రంగస్థలము కట్టు విధానమును చెప్పుచున్నది. నాగలితో దున్ని, ఎముకలు, మేకులు, కపాలములు ఏరివేయవలెననియు, రంగశీర్షమును రాళ్ళు లేని నల్లమట్టితో నింపవలెననియు, అది తాబేటి వీపువలె గాని చేప వీపువలె గాని ఉండక అద్దమువలె చదునుగా నుండవలెననియు భరతుడు నియమించెను. నాట్యశాల పర్వతగుహవలె నుండి, గాలి నిలుకడగా నున్నచో వాద్యముల ధ్వని గంభీరమగుననియు, శాల మితిమీరి పెద్దదైనచో పలుకు అస్పష్టమగుననియు చెప్పెను. చదునుగా నుండుటకు నర్తకుని పాదమే మొదటి కారణమై యుండును. అయినను రాళ్ళు లేని నల్లమట్టి చెవికి చేయు మేలును వాద్యకారులు గ్రహింపక యుండిరనుట కష్టము. పుష్కరవాద్యముల శ్రుతికై మూతలకు నదీతీరపు మట్టి పూయుటను ఇంత వివరముగా వర్ణించిన శాస్త్రమది. మట్టికిని ధ్వనికిని గల చుట్టరికము వారికి క్రొత్త విషయము కాదు.

ఆధునిక కాలములో ఈ మార్గమున మొదటి గొప్ప అడుగు వేసినవాడు ఒక కేంద్రప్రభుత్వోద్యోగి యని చెప్పిన పాఠకులు సంతోషింతురు. చంద్రశేఖర వేంకటరామను తండ్రి విశాఖపట్టణపు మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు, కుమారుని బాల్యవిద్య అచటనే సాగెను. 1907లో రామను ఆర్థికశాఖలో చేరి కలకత్తాకు పోయెను. పగలు అకౌంట్లు, ప్రొద్దునను రాత్రియు బౌబజారు వీథిలోని భారతీయ విజ్ఞానసంఘపు ప్రయోగశాల. ఇట్లు పదియేండ్లు గడపి 1917లో ఉద్యోగమును వదలి ఆచార్యుడయ్యెను. 1920లో శివకాళీ కుమారునితో కలసి ‘నేచర్’ పత్రికలో భారతీయ చర్మవాద్యములను గూర్చి వ్రాసెను. 1934లో మరింత విపులముగా వ్రాసెను. సాధారణముగా బిగించిన తోలు ఇచ్చు స్వరములు ఒకదానితో నొకటి పొందిక లేనివి. అందుచేతనే పాశ్చాత్యుల డ్రమ్ములు చప్పుడుగా వినబడును. మృదంగము, తబలా మూతల నడుమ నల్లని ముద్దను పొరలు పొరలుగా నెక్కించుటచేత, తోలుయొక్క తొమ్మిది కంపనరీతులు అయిదు స్వరములుగా కూడుకొని, వీణతంతివలె శ్రుతిబద్ధమగునని రామను చూపెను. మూతపై సన్నని ఇసుక చల్లి, ఇసుక ఏ గీతలపై చేరునో చూచి కంపనముల రూపమును కనుగొనెను. ఆ నల్లని ముద్దలో అన్నముతోపాటు చేరునది ఇనుప చిట్టెపు పొడియే. ఇనుమును, మాంగనీసును త్రవ్వితీయు సింహభూమిలో నివసించువారు ఈ సంగతిని తమ సొంత విషయముగా భావింపవచ్చును.

రామను పరిశోధన మూతవరకే. మూతనుండి వెలువడిన ధ్వని చెవిని చేరులోపల ఏమగునో అది వేరుశాస్త్రము. అది అప్పటికి ఇరువదియేండ్లుగా పెరుగుచున్నది. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫాగు మ్యూజియములోని ఉపన్యాసశాలలో పలికిన మాట అయిదారు సెకనుల సేపు గింగురుమనుచుండుటచే వినువారికేమియు బోధపడకుండెను. దానిని బాగుచేయుటకు వాలేస్ సేబిన్ అను యువాధ్యాపకుని నియమించిరి. అతడు రాత్రులు పొరుగు నాటకశాలనుండి కుర్చీల మెత్తలు మోయించి తెప్పించి, ఒక్కొక్క వరుస పెంచుచు, ఆర్గను గొట్టము నూది, గడియారము పట్టుకొని ఎంతసేపటికి ధ్వని అణగునో కొలిచెను. తెల్లవారులోగా మెత్తలను తిరిగి చేర్చవలసి యుండెను. ఏ వస్తువు ఎంత ధ్వనిని మ్రింగునో లెక్క కట్టవచ్చునని అతడు తేల్చిన సూత్రముమీదనే 1900లో బోస్టను సంగీతశాల నిర్మితమైనది.

ఆ లెక్కలు రికార్డింగు గదులలోనికి ప్రవేశించుటకు కాలము పట్టినది. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్బర్గు కలకత్తా హోటలుగదిలో గౌహర్ జాను పాటను రికార్డు చేసినప్పుడు మైక్రోఫోను లేదు. పెద్ద కొమ్ముబూర ముందర గాయని, చుట్టును ప్రక్కవాద్యములు. ఆ పద్ధతిలో సెకనుకు 200 కంపనములకు దిగువనున్న మంద్రధ్వని దాదాపు నిలువదు. అందుచేత ఆనాటి ప్లేటులలో తబలా దాయాఁ టకటకమని వినబడునే గాని బాయాఁ గుమికి ఉండదు. నేల మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు తావే లేదు. అమెరికాలో కథ మరియొకరీతి. 1909లో లుడ్విగు సోదరులు కాలితో త్రొక్కు పెడలు తయారుచేయగా, ఒక్క మనిషియే పెద్ద డ్రమ్మును, చిన్న డ్రమ్మును, తాళములను కలిపి వాయించు డ్రమ్ముల సెట్టు స్థిరపడినది. కాని ఆ పెద్ద డ్రమ్ము అదరుకు సూది గాడినుండి ఎగిరిపడెడిది. 1923లో కింగ్ ఆలివరు బృందము రిచ్మండు పట్టణములో జెన్నెట్టు కంపెనీకి పాడినప్పుడు, గొప్ప డ్రమ్ము వాద్యకారుడగు బేబీ డాడ్సు చాలవరకు చెక్కముక్కలు తట్టుకొని సరిపెట్టుకొనవలసివచ్చెను. ఆ స్టూడియో ప్రక్కనే రైలుదారి. బండి వచ్చినప్పుడెల్ల రికార్డింగు ఆపి కూర్చుండెడివారు. టాటానగరు వాసులకు ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు. పట్టాలపై బరువుబండి పోవునప్పుడు గాలికంటె ముందు నేల ఆ వార్తను మోసుకొనివచ్చును.

1925లో విద్యుత్తుతో రికార్డు చేయు విధానము వచ్చినది. మైక్రోఫోను మంద్రమును పట్టెను. దానితోపాటు గదిని, నేలను కూడ పట్టెను. అంతవరకు కొమ్ముబూర దాచిన దోషములన్నియు బయటపడినవి. మొదటి భయములో ఇంజనీర్లు గదిని బట్టలలో చుట్టబెట్టిరి. 1923లో లండనులో బి.బి.సి. వారు తెరచిన సేవాయ్ హిల్ స్టూడియోలో గోడలకు దళసరి తెరలు, నేలకు తివాచీలు. గాయకులు అందులో పాడుటకు ఊపిరాడనట్లుండెనని మొరపెట్టుకొనిరి. తరువాతి స్టూడియోలలో ఆ తెరలు క్రమముగా పలుచబడినవి. మన దేశమున 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియోకేంద్రము, 1957 జూలై 27న రాంచీకేంద్రము తెరచునాటికి స్టూడియోలో ఎంత ధ్వనిని మ్రింగవలెను, ఎంత మిగుల్చవలెను అనునది లోకమునకు తెలిసిన శాస్త్రమై యుండెను.

ఇక నేల చేయు పనిని కొంచెము దగ్గరగా చూడవలెను. అది మూడు విధములు. మొదటిది, ధ్వనిని త్రిప్పికొట్టుట. డ్రమ్మునుండి మైక్రోఫోనునకు ధ్వని రెండుదారుల వచ్చును: తిన్నగా ఒకటి, నేలను తాకి ఎగిరివచ్చునది మరియొకటి. డ్రమ్ము, మైక్రోఫోను రెండును నేలకు మీటరు ఎత్తున, ఒకదానికొకటి రెండు మీటర్ల దూరమున నున్నచో, తిన్నని దారి 2 మీటర్లు, నేలదారి 2.83 మీటర్లు. ధ్వని సెకనుకు 344 మీటర్లు పోవును. ఈ 0.83 మీటరు తేడావలన, సెకనుకు సుమారు 207 కంపనములు గల స్వరమున తిన్నగా వచ్చిన అల లేచునప్పుడు నేలనుండి వచ్చిన అల వ్రాలును, ఒకదానినొకటి చెరపివేసికొనును. మరల 621 వద్ద, ఆపైన మరికొన్నిచోట్ల ఇట్లే జరుగును. 207 అనునది చర్మవాద్యపు నిండుతనము నిలుచు తావు. గట్టినేలపై ఈ లోపము స్పష్టముగా నుండును. ఎత్తులను రెండింటిని సగమునకు తగ్గించిన, మొదటి లోపము 729 కంపనములకు జరిగిపోవును. గుమికి దక్కును గాని దెబ్బలోని పలుకు కొంత పోవును. వాద్యకారుడు చేయి మార్చకయే వాద్యపు గొంతు మారిపోవుట ఇట్లు.

రెండవది, మ్రింగుట. ఇక్కడనే అందరును పొరబడుదురు. తివాచీ వేసిన ధ్వని తగ్గునని లోకాభిప్రాయము. సిమెంటునేల ఏ స్వరమునైనను నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించి మ్రింగదు. దానిపై మందపు తివాచీ పరచిన, సెకనుకు 4000 కంపనములు గల తీక్ష్ణధ్వనిని నూటికి 65 పాళ్ళు మ్రింగును. కాని 125 కంపనముల మంద్రధ్వనిని మ్రింగునది నూటికి రెండు పాళ్ళే. అనగా తివాచీ పిట్టలను పట్టును, ఏనుగును వదలును. దెబ్బయొక్క అంచు, వేలిగోరు, తాళపు మెరుపు పోవును. గది గుయ్యిమను మ్రోత అట్లే నిలుచును. దూలములపై బిగించిన కొయ్యపలకల నేల దీనికి విరుద్ధము: మంద్రమున నూటికి 15 పాళ్ళు, తీక్ష్ణమున ఏడు పాళ్ళు. పలకలు తామే కొంచెము వంగి ఊగుట చేత మంద్రపు శక్తి వానిలో ఖర్చగును. కొయ్యనేల గదిలో డ్రమ్ము వెలుగుచున్నట్లు వినబడుటకు ఇదియే కారణము. సంగీతశాలలకు కొయ్యవేదికలు కట్టుటలో శిల్పులది వట్టి అలవాటు కాదు.

మూడవది, వణకుట. వాద్యము నేలను తన్నును. నేల మైక్రోఫోను స్టాండును కదపును. ఇది గాలిదారి కాదు, దొంగదారి. డ్రమ్ముల సెట్టులో పెద్ద డ్రమ్ము ఇనుపమేకుల కాళ్ళపై నిలుచును. పెడలు త్రొక్కినప్పుడెల్ల ముందుకు జారజూచును. దాని అడుగున గరుకు కంబళి వేయు ఆచారము మొదట జారకుండుటకు వచ్చినదే గాని ధ్వనికొరకు వచ్చినది కాదు. మృదంగమునకు ఈ బెడద స్వల్పము. వాద్యకారుని పాదము, తొడ దానికి ఆధారము; మనిషి మాంసమే నేలకును వాద్యమునకును నడుమ మెత్త. తబలాను గుడ్డచుట్టపై కూర్చుండబెట్టుదురు. ఈ రెండు సంప్రదాయములును, ఇరువదవ శతాబ్ది స్టూడియోలు లక్షలు ఖర్చుపెట్టి రబ్బరు దిమ్మలపైన, గాజునూలుపైన తేల్చిన నేలలు చేయు పనినే చేయుచున్నవి. పెద్దలు దీనికి పేరు పెట్టలేదు, అంతే.

పాశ్చాత్య స్టూడియోలు ఈ విషయమున ఎట్లు అటునిటు ఊగినవో చూచిన నవ్వు వచ్చును. 1960ల తుదినుండి మైక్రోఫోనులను ఒక్కొక్క డ్రమ్మునకు ఆనించి పెట్టు పద్ధతి ప్రబలి, 1970లలో నేలకు, గోడలకు కూడ తివాచీ కొట్టి డ్రమ్మును చచ్చిన గదిలో కూర్చుండబెట్టిరి. ఆ కాలపు రికార్డులలో డ్రమ్ము అట్టపెట్టెవలె వినబడుననువారు కలరు. 1980 నాటికి లండనులోని టౌన్‌హౌస్ స్టూడియోలో రాతిగది యొకటి పేరొందెను; 1981లో ఫిల్ కాలిన్సు పాటలో డ్రమ్ము ఉరుమువలె వినబడగా లోకమంతయు రాతిగదులకై పరుగెత్తెను. పది సంవత్సరములలో తివాచీనుండి రాతికి! వాద్యము మాత్రము అదే.

జంషెడ్పురపు పందిళ్ళవంటి చోట్లకు వచ్చిన సంగతి మరింత చిక్కు. ఉత్సవములకు ఖాళీ పీపాలపైననో, బల్లలపైననో పలకలు పరచి వేదిక కట్టుట తెలుగునాట, తెలుగువారున్న ఇతర పట్టణములలోను వాడుకయే. ఆ వేదిక అడుగు డొల్ల. పలక పైమూత, అడుగున గాలి. అనగా వేదికయే పెద్ద మద్దెల. బుఱ్ఱకథకుడు గజ్జెకాలితో అడుగు వేసినప్పుడెల్ల వంతల గుమ్మెటలకు తోడుగా ఆ పెద్ద మద్దెల కూడ మ్రోగును. వినువారికి అది ఉత్సాహముగానే యుండును, ఏలయన కన్ను కాలిని చూచుచున్నది. రికార్డులో కన్ను లేదు. కథ మాటలను దబదబలు మ్రింగివేయును. పిల్లల నాట్యప్రదర్శనములను చేతి ఫోనులలో పట్టుకొన్న తల్లిదండ్రులు ఇంటికి పోయి వినినప్పుడు నట్టువాంగపు తాళమునకంటె పలకల చప్పుడే మిన్నగా నుండుట కిది కారణము. వేదికను తడిసిన గోనెసంచులతోనో ఇసుకమూటలతోనో అడుగున నింపుట, మైక్రోఫోను స్టాండును వేదికపై గాక క్రింది నేలపై నిలుపుట, అట్లు కుదరనిచో దాని కాళ్ళక్రింద మడతపెట్టిన గోనె వేయుట: ఇవి ఖర్చులేని ఉపాయములు. వీనికి ఇంజనీరు అక్కరలేదు. చెవి కావలెను.

మైక్రోఫోనే వద్దనినవారును కలరు. 1960లలో పాలఘాట్ మణి అయ్యరు కచేరీలలో మైకు లేకుండ వాయింతునని పట్టుబట్టెను. మృదంగనాదమును ముట్టుకొనక శ్రోతకు అందజేయవలెనని ఆయన కోరిక. పెద్ద సభలకది చెల్లదని చాలమంది వాదించిరి. ఇద్దరిదియు న్యాయమే. అయితే మైకు లేని కచేరీ ఆ రాత్రితో ముగియును. అరువదియేండ్ల తరువాత పుట్టినవానికి మిగులునది రికార్డే.

చిక్కంతయు ఇక్కడనే యున్నది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలలో గొల్లలు గంగమ్మ కొలువులో ఆడు తప్పెటగుళ్ళు ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. రొమ్మున వ్రేలాడు తప్పెటను రెండుచేతుల వాయించుచు, కాలిగజ్జెలు మ్రోయ ఎగిరి అడుగువేయుదురు. తప్పెట నేలను తాకదు. కాని ఆ ఎగురుపాటు దిగునది పొలముగట్టు మట్టిమీద, ఊరి నడిబొడ్డు ధూళిమీద. పాదము దిగిన మెత్తని దెబ్బ, గజ్జెల గలగల, తప్పెట పగులు: ఈ మూడును కలిసినదే ఆ కళయొక్క తాళము. సిమెంటు వేదికపై పాదపు దెబ్బ చెంపపెట్టువలె వినబడును, డొల్లపలకలపై ఉరుమగును, తివాచీపై అసలు వినబడనే వినబడదు. ముందుగా అలసిపోవునది కళాకారుని మోకాలు. గట్టినేలపై ఎగురువాడు తెలియకయే ఎగురుపాటు తగ్గించును. ఎగురుపాటు తగ్గిన నడక మారును. సెరాయికేలా నటునికిని ఇదే గతి. మాటలేని నృత్యములో అడుగుల చప్పుడు మారుట, నాటకములో సంభాషణ మారుటవంటిది.

జంషెడ్పురమున పుట్టిపెరిగిన తెలుగుబిడ్డ శ్రీకాకుళపు తప్పెటను ఊరిలో చూచియుండకపోవచ్చును, రికార్డులోనే వినును. రాంచీలోనో ఢిల్లీలోనో చదువుకొను హో బాలుడు తన తాతల నగారాను రికార్డులోనే వినును. ఆ రికార్డు తివాచీపై చేసినదైనచో, అతనికి తెలిసిన నగారా తివాచీ నగారాయే. రేపతడు తయారీదారు వద్దకు పోయి తాను వినినట్టి ధ్వని కావలెనని అడుగును. తయారీదారు తోలు మందమును మార్చును. పొరపాటు రికార్డునుండి వాద్యములోనికి ప్రాకును.

పూర్వపు క్షేత్రసేకరణలకు ఈ దృష్టితో విలువ హెచ్చు. డచ్చి పండితుడు ఆర్నాల్డ్ బాకే 1930లలో మైనపు గొట్టములు మోసుకొని దేశమంతయు తిరిగి, సంతాలుల పాటలతో సహా ఎన్నింటినో వారి వారి తావులలోనే పట్టెను. ఆ సేకరణకు నకళ్ళు, 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారు నెలకొల్పగా నేడు గురుగ్రామమున నున్న సంగీతభాండాగారములో కలవు. గొట్టముల గరగరలో వాద్యపు మంద్రము చాలవరకు పోయినను, అడుగు వేసిన నేల మాత్రము అసలు నేలయే. నేటి డిజిటలు యంత్రము గరగర లేకుండ మంద్రమునంతటిని పట్టగలదు. దానిని పట్టణపు వేదికపై నిలిపిన, పట్టునది పట్టణపు వేదికనే. చవుకగా, సులభముగా రికార్డు చేయగల ఈ రోజులలో కళాకారులను బస్సెక్కించి స్టూడియోకు తెచ్చుటకంటె, యంత్రమును సంచిలో పెట్టుకొని సెరాయికేలాకు పోవుట తేలిక.

అట్లు పోవువారికి 1980 ప్రాంతమున అమెరికాలో వాడుకకు వచ్చిన యొక ఉపాయము మిక్కిలి పనికివచ్చును. మైక్రోఫోనును ఎత్తున నిలుపక, చదునైన తలముపై పరుండబెట్టుదురు. అప్పుడు తిన్నని దారికిని నేలదారికిని నిడివిలో తేడా యుండదు. 207 వద్దను లేదు, 729 వద్దను లేదు, చెరపివేత అన్నదే యుండదు. నేల పగవాడుగా నుండుట మాని పాలివాడగును. మట్టి తీక్ష్ణధ్వనిని కొంత మ్రింగును గావున, మైక్రోఫోను క్రింద మూరెడు వెడల్పుగల మందపు చెక్కపలక యొకటి వేసిన చాలును. మంద్రమును మట్టియే త్రిప్పి పంపును. అది నేలనంటి యుండుటచే అడుగుల వణకు చేరకుండ పలకక్రింద పలుచని నురుగురబ్బరు వేయవలెను. రెండవ మైక్రోఫోనును ప్రేక్షకుడు కూర్చుండు చోట, అతని చెవి యెత్తున నిలిపి వేరుగా పట్టవలెను.

పేరు, తేదీ, వాద్యము వ్రాసికొను కాగితముపైననే నేల సంగతియు వ్రాయవలెను: మట్టియా, పేడతో అలికినదా, ఎండి బిగిసినదా, తడిసినదా. చైత్రపర్వము ఏప్రిలు నడుమ వచ్చును. అప్పుడప్పుడు సాయంకాలము కాలవైశాఖి గాలివాన కురియు దినములవి. వాన పడిన తరువాత వాద్యకారులు తోలును నిప్పుసెగ కాచి బిగింతురు. తడిసిన నేలను కాచు సెగ యేదియు లేదు. ఆ రాత్రి నగారా మెత్తగా పలుకును. యాబదియేండ్లకు దానిని వినువాడు వాద్యకారుని చేయి సన్నగిల్లెనని తలపకుండుటకు, “సాయంకాలము వాన కురిసినది” అని ఒక్క పంక్తి వ్రాసి యుంచిన చాలును.